మూర్తచిత్రకళయందు బాల్యముగ్ధత – ఆత్మావలోకనము

బాల్యము చిత్రకళకు నూతనవస్తువు కాదు. వెన్నముద్ద చేతబూనిన బాలకృష్ణుడు తంజావూరు పటములయందును, తల్లి యొడిలోని శిశుక్రీస్తు పాశ్చాత్యుల దేవాలయచిత్రములయందును శతాబ్దులనుండి కానవచ్చుచునే యున్నారు. ఐనను ఆ శిశువులు దేవతలు. వారిని చిత్రించినవాడు భక్తుడు. మానవశిశువును మానవశిశువుగానే చూచుట, ఆ చూపునందు చిత్రకారుడు తన్ను తాను పరిశీలించుకొనుట అను రెండును ఆధునికకాలమున బలపడినవి. ఈ రెంటికిని గల సంబంధమును సమకాలిక మూర్తచిత్రకళనుండి కొన్ని యుదాహరణములు గైకొని విచారించుట ఈ వ్యాసముయొక్క యుద్దేశము.

మూర్తచిత్రకళ యనగా మనుష్యాదుల యాకృతులను చూపరులు గుర్తింప వీలగునట్లు నిలుపుకొన్న చిత్రకళ. ఉన్నదానిని ఉన్నట్లు అనుకరించుట దీనికి నియమము కాదు. ఆకృతిని సాగదీయవచ్చును, కుదింపవచ్చును, ఒకే పటమున ఒకే మనుష్యుని పలుమారులు చూపవచ్చును. ఆకృతి యున్నంతవరకు అది మూర్తమే.

సాహిత్యశాఖవారి పత్రికయందు చిత్రకళావిచార మేల యని కొంద రడుగవచ్చును. మన యలంకారశాస్త్రమునందలి పరిభాష ఈ విచారమునకు మిక్కిలి తోడ్పడునని మా విశ్వాసము. విష్ణుధర్మోత్తరపురాణమునందలి చిత్రసూత్రము రసములను చిత్రమునకును అన్వయించి చెప్పినది. కావున ఈ మార్గము మేము క్రొత్తగా త్రొక్కినది కాదు.

1

ముందుగా శబ్దవిచారము. బాల్యమునకు సహజమని లోకము తలంచు గుణమును మనము అమాయకత్వమనియు, ముగ్ధత యనియు చెప్పుచున్నాము. మొదటి పదము నిషేధరూపమైనది. మాయ యెరుగనివాడు అమాయకుడు. రెండవ పదము మరింత చిత్రమైనది. ‘ముగ్ధ’ శబ్దమునకు మోహము నొందినది, తెలియనిది, మనోహరమైనది అను అర్థములు మూడును కలవు. తెలియమియే సౌందర్యమైనదని ఆ శబ్దము చెప్పుచున్నది. అలంకారికులు నాయికలను విభజించునపుడు ముగ్ధను మొదట నిలిపిరి. ఆ ముగ్ధకు తాను ముగ్ధ నని తెలియదు. తెలిసిననాడు ఆమె మధ్య యగును.

ఇందుండి యొక సూక్ష్మము తేలుచున్నది. ముగ్ధత తన్ను తా నెరుగదు. అది ముగ్ధత యని పేరు పెట్టువాడు ఎల్లప్పుడును దానిని దాటివచ్చినవాడే. బాలుడు బాల్యమును అనుభవించునుగాని చూడడు. చూచువాడు పెద్దవాడు. కావున చిత్రమునందలి బాల్యముగ్ధత బాలుని గుణముగా కనబడుచున్నను, నిజమునకు అది పెద్దవాని చూపునందు ఏర్పడిన సంబంధము.

14వ శతాబ్దివాడైన విశ్వనాథుడు సాహిత్యదర్పణమునందు వత్సలరసమును ప్రత్యేకముగా అంగీకరించెను. అందు పుత్రాదులు ఆలంబనము, వారి చేష్టలు ఉద్దీపనములు, స్నేహము స్థాయి. ఆ స్థాయి యెవనియందున్నదో వాడు ఆశ్రయము. యశోద ఆశ్రయము, కృష్ణుడు ఆలంబనము. కావ్యమున ఆశ్రయమును వర్ణించుటకు కవికి అవకాశము కలదు; యశోద ఏమనుకొన్నదో అతడు చెప్పగలడు. ఒక బాలుని మాత్రమే చూపు చిత్రమునందో, ఆలంబనము కనబడుచుండును, ఆశ్రయము పటమునకు వెలుపల నిలిచియుండును. ఆ ఆశ్రయము చిత్రకారుడు. అతని వెనుక నిలిచి అతని కన్నులతో చూచు ప్రేక్షకుడును ఆశ్రయమే.

మా ప్రతిపాదన మిది. ఆశ్రయము తన్ను తాను దాచుకొని ఆలంబనమును మాత్రమే ముందునకు నెట్టిన చిత్రమున ముగ్ధత అలంకారమాత్రమగును. త్వరలోనే విక్రయవస్తువు గూడ కాగలదు. ఆశ్రయము తానుగూడ చిత్రమునకు లోబడి తన చూపును బయలుపరచినప్పుడు మాత్రమే ముగ్ధత సత్యమగును. అనగా ఆత్మావలోకనము బాల్యచిత్రణమునకు అదనపు గుణము కాదు. దాని ప్రామాణ్యమునకే ఆధారము.

2

ఈ ప్రతిపాదనకు వ్యతిరేకోదాహరణములను మొదట చూతము. ఆంగ్లచిత్రకారుడు జాషువా రెనాల్డ్స్ 18వ శతాబ్ది చివరి భాగమున ఒక చిన్నబాలిక చిత్రమును రచించెను. తెల్లని యుడుపు ధరించి, చేతులు రొమ్మున కానించుకొని, పచ్చికపై కూర్చుండి పక్కకు చూచుచున్న బాలిక యది. ‘ముగ్ధవయస్సు’ అని యర్థమిచ్చు ‘ది ఏజ్ ఆఫ్ ఇన్నొసెన్స్’ అను పేరుతో అది లోకప్రసిద్ధమైనది. కాని ఆ పేరు రెనాల్డ్స్ పెట్టినది కాదు. అతడు 1792లో మరణించెను. 1794లో ఆ చిత్రమునకు చెక్కిన ముద్రాఫలకముపై ఆ పేరు వ్రాయబడెను. ముగ్ధత యను నామము బాలిక యిచ్చినది కాదు, చిత్రకారుడును ఇచ్చినది కాదు. ముద్రించి పంచినవారు తగిలించినది. ఇంతకంటె స్పష్టమైన నిదర్శనము దొరకుట కష్టము.

తరువాతి శతాబ్దమున మిలే 1886లో తన మనుమని చిత్రించెను. బాలుడు సబ్బునీటి బుడగను ఊది, పైకి పోవుచున్న దానిని తలయెత్తి చూచుచున్నాడు. బుడగ క్షణభంగురత్వమునకు ప్రాచీనమైన సంకేతము. చిత్రకారుని మనస్సున బాల్యము నశించునన్న విచారము లేకపోలేదు. దానికి మొదటి పేరు ‘ఎ చైల్డ్స్ వరల్డ్’, అనగా బాలుని లోకము. ఐనను ఆ విచారము ఎవరిదో చిత్రమునందు కనబడదు. పియర్స్ సబ్బు వర్తకులు దానిని కొని ప్రకటనగా ముద్రించిరి. సబ్బుబిళ్ల యొకటి పటమునకు చేరెను. పేరు ‘బబుల్స్’ గా స్థిరపడెను. అట్లు చేర్చుటకు పటము ఎట్టి యభ్యంతరమును చెప్పలేకపోయెను. ఆశ్రయము లేని ముగ్ధతను ఎవరైనను తమదిగా చేసికొనవచ్చునుగదా! వర్తకుడు ఖాళీగానున్న ఆ స్థానమును ఆక్రమించెను.

ఫ్రెంచిచరిత్రకారుడు ఫిలిప్ ఆరియేస్ 1960లో ప్రకటించిన గ్రంథమున, బాల్యము ప్రత్యేకమైన దశ యను భావము చరిత్రక్రమమున ఏర్పడినదని వాదించెను. మధ్యయుగమువారికి బాల్యభావమే లేదనునంతవరకు పోయిన అతని మాటను తరువాతి చరిత్రకారులు పలువురు ఖండించిరి. ఆ వివాదమును అటుంచినను, బాల్యముగ్ధతకు చరిత్ర గలదన్న మూలాంశము నిలిచియున్నది. చరిత్ర గలదానిని సహజమని నమ్మించుట సుకుమారచిత్రములు చేయు పని. దీనివలన కలుగు హాని యెవరికి? బాలునికే. అతని కోపము, భయము, ఒంటరితనము పటమునుండి తొలగింపబడుచున్నవి. పెద్దల ఊరటకొరకు అతని ముఖము సరిదిద్దబడుచున్నది.

3

ఆధునికులు ఈ కపటమును గుర్తించి రెండు మార్గములు త్రొక్కిరి. బాలుని బొమ్మను విడిచి బాలుని చేతిని గైకొనుట మొదటి మార్గము. పౌల్ క్లే 1902లో తన చిన్ననాటి బొమ్మలు దొరకగా వాని విలువను గుర్తించి, తరువాత తన కృతుల పట్టికయందు వానిలో కొన్నింటిని చేర్చుకొనెను. పట్టిక వ్రాసినవాడు ప్రౌఢుడైన క్లే. బొమ్మలు గీసినవాడు బాలుడైన క్లే. ఇరువురికిని ఒకే పట్టికలో చోటిచ్చుట ఆత్మావలోకనమునందలి యొక ముఖ్యమైన ఘట్టమని మా తలంపు.

బాలుని యాకృతిని విడువక, దానిలో తన్ను తాను నిలుపుట రెండవ మార్గము. జపాను చిత్రకారుడు యోషితొమో నారా (జననము 1959) చిత్రించిన బాలికలు నేడు జగత్ప్రసిద్ధములు. పెద్ద తల, చిన్న దేహము, శూన్యమైన నేపథ్యము, కోపముగా పైకి చూచు కన్నులు. తల్లిదండ్రులు పనికి పోగా ఇంట ఒంటరిగా గడపిన తన బాల్యమును నారా పలుమారులు స్మరించిరి. ఆ బాలికలు ఒకవిధముగా ఆయన యాత్మచిత్రములే యని విమర్శకులును గ్రహించిరి. ‘వీపు వెనుక కత్తి’ అను నర్థము గల ‘నైఫ్ బిహైండ్ బ్యాక్’ (2000) అను పటమునందు బాలిక చేయి యొకటి వెనుకకు పోయినది. కత్తి కనబడదు. పేరు చదివినవానికి మాత్రమే కత్తి గలదు. ప్రేక్షకుడు తన వాత్సల్యమునకు తానే భయపడవలసిన స్థితి నారా కల్పించిరి.

ఇది రెనాల్డ్స్ బాలికకు సరియైన ప్రత్యుత్తరము. ఐనను ఇచట మాకొక సంశయము కలదు. ఆ పటమే 2019లో హాంకాంగునందలి వేలమున సుమారు 2 కోట్ల 50 లక్షల అమెరికా డాలర్ల ధర పలికినది. ధర పలుకుట దోషము కాదు. కాని కోపమే మారుమారు ఒకే ముఖమున, ఒకే రేఖలో, ఆటవస్తువులమీదను చొక్కాలమీదను ముద్రింపబడినప్పుడు, అదియు సుకుమారచిత్రముల చిరునవ్వువలెనే అచ్చు అగును. ఆత్మావలోకనమునకు పునరుక్తి ప్రమాదకరము. తన్ను తాను చూచుకొనువాడు ప్రతిమారును అదే ముఖమును చూచుచున్నాడన్నచో, అతడు చూచుచున్నది అద్దమునా, పటమునా యను ప్రశ్న పుట్టును.

4

ఈ ప్రశ్నకు మేలైన సమాధానములు మన దేశముననే కలవు. బరోడా విశ్వవిద్యాలయమున 1950లో నెలకొన్న లలితకళాశాఖయందు, విశేషించి కె. జి. సుబ్రహ్మణ్యన్ ప్రభావమున, బొమ్మలు, ఆటవస్తువులు, కథాచిత్రములు అల్పకళ లన్న న్యూనభావము తొలగెను. 1981లో బొంబాయి, ఢిల్లీ నగరములయందు జరిగిన ‘ప్లేస్ ఫర్ పీపుల్’ అను ప్రదర్శనమున ఆరుగురు చిత్రకారులు మనుష్యాకృతిని, కథనమును తిరిగి చిత్రకళ కేంద్రమునకు తెచ్చిరి. వారిలో గులాం మొహమ్మద్ షేక్, భూపేన్ ఖఖర్ ప్రస్తుతవిషయమునకు ముఖ్యులు.

షేక్ 1937లో సౌరాష్ట్రమందలి సురేంద్రనగరమున జన్మించిరి. 1963 నుండి 1966 వరకు లండనునందలి రాయల్ కాలేజి ఆఫ్ ఆర్ట్ నందు అభ్యసించిరి. తిరిగివచ్చినపిమ్మట 1969-73 సంవత్సరముల నడుమ ‘రిటర్నింగ్ హోమ్ ఆఫ్టర్ లాంగ్ ఆబ్సెన్స్’ అను పటమును రచించిరి. దీర్ఘకాలమునకు ఇల్లు చేరుట యని దాని యర్థము. పటమునకు అడుగుభాగమున ఛాయాచిత్రమునుండి గైకొన్న తల్లి ముఖము. ఆమె వెనుక గోడలు, ఇండ్లు, చెట్లు. పై భాగమున పారసీకచిత్రములనుండి దిగివచ్చిన దేవదూతలు.

ఇందు బాలుడెచ్చట? ఎచ్చటను లేడు. ఐనను ఇది మొదలంట బాల్యచిత్రము. ఇంటికి తిరిగివచ్చువాని ఆకృతి పటమున లేదు. ఉన్నది అతని కంటికి గోచరించు లోకము మాత్రమే. అది రెండు చూపులతో నిర్మితమైనది. గోడల వెనుక దేవదూత లున్నారని సందేహము లేక నమ్ము బాలుని చూపు ఒకటి; ఆ దేవదూతలు పారసీకచిత్రశాలలలో ఎట్లు గీయబడిరో చదివి తెలిసికొన్న పండితుని చూపు రెండవది. పండితుడు బాలుని విశ్వాసమును అపహసింపలేదు. బాలుడు పండితుని విద్యను చెరపలేదు. తల్లి ముఖము మాత్రము ఛాయాచిత్రపు నిక్కచ్చితనముతో ఈ రెంటి ముందును నిలిచినది. వాత్సల్యమున ఆలంబనము కావలసినవాడు ఇచట ఆశ్రయమైనాడు. ఆశ్రయము కావలసిన తల్లి ఆలంబనమైనది. షేక్ గుజరాతీ రచయితలు గూడ. సొంత యింటికి పోవుటను గూర్చిన వారి యాత్మకథాత్మక వ్యాససంపుటి ‘ఘేర్ జతాఁ’కు 2022లో సాహిత్య అకాడమి బహుమానము లభించినది. వస్తు వొక్కటే యైనను, గద్యమునందు ఒకదాని వెనుక నొకటిగా రావలసిన రెండు చూపులను పటము ఒక్క క్షణముననే చూపగలుగుట గమనింపదగినది.

ఖఖర్ (1934-2003) మార్గము వేరు. వారు వృత్తిచే లెక్కల పరీక్షకులు. 1981లో వారు రచించిన ‘యూ కాంట్ ప్లీజ్ ఆల్’ అను పటము ప్రస్తుతము లండనునందలి టేట్ సంగ్రహమున నున్నది. అందరిని మెప్పింపలేవని ఆ పేరునకు అర్థము. మేడ వసారాపై వస్త్రహీనుడైన పురుషు డొకడు నిలిచి క్రిందికి చూచుచున్నాడు. అతడు చిత్రకారుడే యని విమర్శకుల నిర్ణయము. క్రింద జరుగుచున్నది మన మందరము చిన్ననాట విన్న కథ. తండ్రి, కొడుకు, గాడిద. ఎవరు ఎక్కినను, ఎవరు దిగినను లోకము తప్పుపట్టును. తండ్రియు కొడుకును ఒకే పటమున ఒకటికంటె నెక్కువ మారులు కనబడుచున్నారు.

ఒకే పాత్రను ఒకే ఫలకమున పలుమారులు చూపు ఈ పద్ధతి మన శిల్పులకు సుపరిచితము. అమరావతి స్తూపమునకు చెందిన నలగిరి ఫలకము ప్రస్తుతము చెన్నపట్టణపు ప్రభుత్వ వస్తుప్రదర్శనశాల యందున్నది. అందు మదించి పైబడు ఏనుగును, బుద్ధుని యెదుట మోకరిల్లిన ఏనుగును ఒకే వలయమున చెక్కబడియున్నవి. ఆ రెండు ఏనుగుల నడుమ జరిగిన మార్పే ఆ శిల్పమునకు విషయము. ఖఖర్ పటమున మార్పు గాడిదకథయందు కాదు, చూచువానియందు జరుగుచున్నది. చిన్ననాడు ఆ కథ వినువాడు నవ్వును. పెద్దవాడై మరల వినునప్పుడు, లోకమునకు వెరచి తాను మోసిన గాడిద లెన్నియో అతనికి జ్ఞప్తికి వచ్చును. ఖఖర్ స్వలింగానురాగులు, చాలకాలము ఆ విషయమును దాచియుంచిరి. ఈ పటమును వారి బహిరంగాత్మప్రకటనగా కళాచరిత్రకారులు పరిగణించుచున్నారు. ఆ దేహమునకు వస్త్రము లేకపోవుట శృంగారమునకు కాదు, నిష్కాపట్యమునకు చిహ్నము. అమాయకు డను శబ్దమునకు మాయను విడిచినవాడను నర్థమును చెప్పుకొనవచ్చునేని, అది ఈ పటమునకు చక్కగా పొసగును. బాల్యమున ఊరక లభించిన అమాయకత్వము ఇచట ప్రయత్నముచే, మూల్యము చెల్లించి, తిరిగి సంపాదింపబడినది.

5

అర్పితా సింగ్ (జననము 1937) పద్ధతిని మూడవదిగా పేర్కొనవలెను. వంగదేశమున జన్మించి ఢిల్లీయందు స్థిరపడిన ఈమె నేతవారి సేవాకేంద్రమునందు కొంతకాలము పనిచేసిరి. వంగదేశపు కంథా కుట్టుపనియందువలె ఈమె పటములయందు పూవులు, విమానములు, మోటారుబండ్లు, అంకెలు, అక్షరములు ఖాళీ లేక పరచుకొనియుండును. వాని రేఖ బాలుని పలకమీది రేఖవలె కనబడును. తుపాకియు ఆటబొమ్మవలెనే యుండును.

1993 నాటి ‘మై మదర్’ అను పటమున వృద్ధురాలైన తల్లి ప్రశాంతముగా నిలిచియున్నది. ఆమె వెనుక సైనికులు, పడియున్న దేహములు, అల్లకల్లోలమైన వీధి. అది 1992 డిసెంబరు తరువాతి మతకల్లోలముల కాలమని జ్ఞప్తియం దుంచుకొనవలెను. ఇచట ముగ్ధత ఆకృతియందు లేదు, చేతియందున్నది. పిల్లల చేయివంటి చేతితో మృతదేహములను గీయుటలో ఔచిత్యమేమి? మా యభిప్రాయమున ఔచిత్యము మిక్కుటముగా కలదు. నైపుణ్యముతో గీయబడిన హింస చూపరికి నైపుణ్యమును చూపును. తడబడు రేఖతో గీయబడిన హింస, దీనిని ఎట్లు గ్రహింపవలెనో తెలియని మనస్సును చూపును. వయస్సు వచ్చినను, అట్టి హింస యెదుట మన మందరము తెలియనివారమే. ఈ రేఖ బాల్యమునకు పారిపోవుట కాదు. పెద్దతనముయొక్క అసహాయతను ఒప్పుకొనుట. తల్లి యెదుట నిలిచిన కుమార్తెగా తన్ను భావించుకొనినందువలననే ఆ యొప్పుకోలు చిత్రకారిణికి సాధ్యమైనది.

6

ఇంతవరకు చెప్పిన మువ్వురును తమ బాల్యమువైపు, లేదా తమ తల్లివైపు చూచినవారు. తన బిడ్డవైపు చూచు చిత్రకారిణి స్థితి మరింత క్లిష్టము. అచట ఎదుటనున్నది జ్ఞాపకము కాదు, వేరొక ప్రాణి.

ఈ సందర్భమున భాగవతమందలి మృద్భక్షణఘట్టము మాకు తోచుచున్నది. మన్ను తిన్నాడన్న యభియోగముపై యశోద బాలుని నోరు తెరచి చూచెను. అందు సమస్తలోకములును కనబడెను. ఆ లోకములయందు వ్రేపల్లెయు, ఆ వ్రేపల్లెయందు తానును కనబడెను. పరీక్షింపవచ్చిన తల్లి పరీక్షింపబడినది. తన బిడ్డయని తాను తలంచినవాని లోపల తా నొక చిన్న రూపమై యున్నది. ఆమె కలిగిన దిగ్భ్రమను పోతన వర్ణించిన తీరు విద్యార్థులెల్లరును ఎరిగినదే. ఆశ్రయ మాలంబనమునందు తన్ను తాను చూచుకొనుట యను భావమునకు ఇంతకంటె ప్రాచీనమును, ప్రౌఢమును ఐన యుదాహరణము మాకు తెలియదు.

మార్లీన్ డ్యూమాస్ 1953లో దక్షిణాఫ్రికాయందలి కేప్‌టౌనున జన్మించి, 1976లో నెదర్లాండ్సునకు పోయి అచటనే నివసించుచున్న చిత్రకారిణి. 1994లో ఆమె తన చిన్నకుమార్తెను, ఒక ఛాయాచిత్రము నాధారముగా గొని, చిత్రించిరి. పటము సుమారు 2 మీటర్ల యెత్తు గలది. కావున పాప చూపరికంటె పెద్దదిగా నిలిచియుండును. రంగులతో ఆడుకొన్న పాప చేతులు రెండును రంగులలో మునిగియున్నవి; ఒకటి ఎరుపు, మరొకటి నల్లని ఛాయ. ముఖమున చిరునవ్వు లేదు. చూపు సూటిగా, కొంత కినుకతో మనపై వ్రాలుచున్నది. పటమునకు చిత్రకారిణి యిచ్చిన పేరు ‘ది పెయింటర్’. అనగా చిత్రకారి.

ఆ పేరే ఈ చిత్రమునకు ప్రాణము. శతాబ్దులపాటు చిత్రశాలయందు స్త్రీకిని శిశువునకును నియతమైన స్థానము ఒకటే, కదలక నిలుచుట. చూచువాడు వేరొకడు. డ్యూమాస్ తన యుద్యోగనామమును తన యెదుట నిలిచిన పాపకు ఇచ్చివేసిరి. ఇప్పుడు చిత్రకారి యెవరు? రంగు చేతులు పాపవి. ఆ రంగు చేతులను గీసిన రంగు చేతులు తల్లివి. తల్లి పాపను చూచుచున్నది. పాప తిరిగి తల్లిని చూచుచున్నది. ఆ చూపు మొదట పడినచోట నేడు మనము నిలిచియున్నాము. ఎర్రని చేయి చూచినవానికి ఆట తోచవచ్చును, గాయము తోచవచ్చును, అపరాధము తోచవచ్చును. ఆ మూడింటిలో నొకదానిని ఎన్నుకొనుట చూపరి వంతు. ఎన్నుకొన్నంతనే అతడు తన్ను తాను బయట పెట్టుకొనును.

ముగ్ధత ఇచట నున్నదా? ఉన్నది. కాని సుకుమారచిత్రములందువలె అది పాప ముఖమున పూయబడిన కాంతి కాదు. తన చేతులకు అంటినది లోకులకు ఏమేమి యర్థమిచ్చునో పాపకు తెలియదు, తల్లికి తెలియును. ఆ తెలియమికిని, ఆ తెలివికిని నడుమ గల దూరమే ముగ్ధత. డ్యూమాస్ ఆ దూరమును చెరపలేదు, అలంకరింపలేదు.

7

మన ప్రాంతపు చిత్రకారులను గూర్చి రెండు మాటలు చెప్పక ఈ విచారము ముగింపరాదు. తోట వైకుంఠం (జననము 1942, బూరుగుపల్లి) చిత్రించిన తెలంగాణ స్త్రీలు నేడు తెలుగువారి యిండ్లలో సుపరిచితలు. పెద్ద బొట్టు, గాఢమైన రంగుల చీర, బరువైన దేహము. తన తల్లియు, చిన్ననాట తాను చూచిన పల్లెస్త్రీలును వీరికి మూలమని వైకుంఠం చెప్పుకొనిరి. పల్లెకు వచ్చిన నాటకములయందు స్త్రీవేషము ధరించిన పురుషుల యాకర్షణయు అందు చేరియున్నది. ఇది నిస్సందేహముగా బాల్యస్మృతినుండి పుట్టిన కళ. రేఖాదార్ఢ్యమున, వర్ణసంయమనమున వైకుంఠమునకు సాటివారు తక్కువ. ఐనను మా ప్రమాణము ననుసరించి యొక మాట యనవలసియున్నది. ఆ స్త్రీలను చూచిన బాలుడు పటములయందు క్రమముగా కనుమరుగైనాడు. చూచినవాడు పోగా చూడబడిన రూపము మాత్రము మిగిలినది. పటములు అలంకారములుగా త్వరగా ఆదరింపబడుటకు ఇదియు నొక కారణమని మా యూహ.

కె. లక్ష్మాగౌడ్ (జననము 1940, నిజాంపూరు) 1960, 70 దశకములయందు చేసిన లోహఫలకముద్రణములు దీనికి భిన్నములు. అందలి పల్లె మేకలతో, చెట్లతో, స్త్రీపురుషుల నిస్సంకోచమైన కామముతో నిండియున్నది. పల్లెయందు పెరిగినవానికి సహజముగా కనబడినవి, నగరమునకు వచ్చి చదువుకొన్నపిమ్మట దాచవలసినవి ఐనవి. ఆ దాపరికము తొలగించుటయే ఆ ముద్రణముల ప్రయత్నము. పల్లెబాలునికి సిగ్గు లేదు, నగరవాసికి కలదు, గీయుచున్న చేయి ఇరువురి నడుమ నున్నది. ఆ చేతియందలి యుద్వేగము రేఖయందు ఈనాటికిని చల్లారలేదు.

8

మా వాదమునకు వచ్చు ఆక్షేపణ నొకదానిని పరిశీలింతము. ముగ్ధత చూచువాని సంబంధమే యైనచో, ఆత్మావలోకనమే ప్రమాణమైనచో, తుదకు పెద్దవాడే మిగులును. బాలుడు అతని యద్దమగును. సుకుమారచిత్రము బాలుని బొమ్మగా వాడుకొన్నట్లే, ఆత్మావలోకనచిత్రము అతనిని అద్దముగా వాడుకొనుచున్నది గదా? ఇది బలమైన ఆక్షేపణ. నారా పటములను గూర్చి మేము సంశయించుటకు ఇదియే మూలము. చూచుకొనువాడు ప్రతిమారును తన్నే చూచినచో బాలుడు నిజముగా లేకుండ పోవును.

దీనికి సమాధానము సిద్ధాంతమున దొరకదు, పటములయందే దొరకును. డ్యూమాస్ పటమునందలి పాప తల్లికి అద్దము కాదు. ఆమెకు కినుక కలదు. ఆ కినుకకు కారణము మనకు తెలియదు. తల్లియు తెలిసినట్లు నటింపలేదు. షేక్ పటమునందు తల్లి ముఖము కుమారుని స్వప్నమున కరగిపోలేదు. అనగా నిజమైన ఆత్మావలోకనము తన్ను తాను చూచుటతో ముగియదు. తన చూపునకు అందనిది ఎదుట గలదని గుర్తించుటవరకు పోవును. ఆ గుర్తింపు లేనిది అవలోకనము కాదు, ఆత్మవ్యామోహము.

కావున బాల్యమును చిత్రించిన పటము నెదుట మూడు ప్రశ్నలు వేసికొనుట మేలని పరిశోధకవిద్యార్థులకు మా సూచన. ఈ ముగ్ధతకు ఆశ్రయ మెవరు? ఆ ఆశ్రయము పటమున ఏ రూపమున, అనగా ఆకృతిగనో, రేఖగనో, నామముగనో, నిలిచియున్నది? బాలునియందు ఆ ఆశ్రయమునకు అందక మిగిలినది ఏమైన కలదా? మూడవ ప్రశ్నకు సమాధానము దొరకని పటము ఎంత మనోహరమైనను మనలను ఊరడించి పంపివేయును. ఈ ప్రశ్నలు పటములకు మాత్రమే పరిమితములు కావు. మన భాషయందు బాల్యస్మృతిని వస్తువుగా గొన్న కథలు, ఆత్మకథలు కొల్లలుగా కలవు. వానిని మనము చాలవరకు మాధుర్యమును బట్టియే మెచ్చుకొనుచున్నాము. మాధుర్య మెవరిదో, దానికొరకు బాలుని ముఖమునుండి ఏమి తుడిచివేయబడినదో విచారించు విమర్శ ఇకమీదట రావలసియున్నది.